తలుపు ఉపసంఘం

ముందు చప్పుడు వినబడింది. రెండు దెబ్బలు, కొంచెం విరామం, ఆ తరువాత దెబ్బ అని చెప్పడానికి వీల్లేని ఒక సగం దెబ్బ.

వంటింట్లో చింతపండు పిసుకుతున్న ఆయమ్మ తల ఎత్తకుండానే, "రండి అయ్యగారూ, గడియ వెయ్యలేదు," అంది.

ఆశీర్వాదం పాదిరిగారు గొడుగు ముడిచి, చెప్పులు విడిచి, తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "నేనేనని ఎట్లా తెలిసిందమ్మా?" అన్నారు. ఆయన పన్నెండేళ్ళుగా ఆ సంఘానికి కాపరి. పన్నెండేళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడి ఆ ప్రశ్నే అడుగుతున్నారు.

"రెండు తడతారు. మూడోది తడితే లోపలివాళ్ళకి ఇబ్బందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఊళ్ళో అట్లా తట్టే మనిషి ఇంకెవరున్నారు?"

ఆయమ్మకు సంఘపు పుస్తకంలో సువార్తమ్మ అనే పేరుంది. ఆ పేరు ఆ పుస్తకంలోనే భద్రంగా ఉంది. బయట ఎవరూ వాడలేదు. మిషను ఆసుపత్రి గేటు దగ్గర ఆమె నలభై ఏళ్ళు ఆయాగా చేసింది. తట్టిన చేతిని బట్టి వచ్చిందెవరో చెప్పేది. పురిటినొప్పుల మనిషిని తెచ్చినవాళ్ళు అరచేత్తో బాదుతారు. శవాన్ని తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు వేలికొసలతో తడతారు. పెద్ద డాక్టరుగారు అసలు తట్టరు, దగ్గుతారు. ఆమె తీసిన గేటులోంచి లోపలికి వెళ్ళినవాళ్ళు ఆమెను "ఏయ్ ఆయా" అన్నారు. మర్యాద తెలిసినవాళ్ళు "ఆయమ్మా" అన్నారు. పదవీ విరమణ నాడు దండ వేసిన పెద్దమనిషి కూడా "మన ఆయమ్మ" అని ఊరుకున్నాడు, పేరు కనుక్కుందామని ఆయనకు తోచలేదు.

ఆ రోజు అయ్యగారు వచ్చింది ఆమె మనుమరాలి బాప్తిస్మం సంగతి మాట్లాడడానికి. పిల్ల పుట్టి నలభై రోజులు. తల్లి కెజియా అదే ఆసుపత్రిలో నర్సు. "పేరు నువ్వే పెట్టమ్మా," అని కూతురు అన్నప్పుడు ఆయమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆలోచించి ఉంది మరి.

ఆమె నలభై దాటాక అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక లేఖనాలను మొదటినుంచి చివరిదాకా ఒక్క సంగతి వెతుకుతూ చదివింది. రాజులకు పేర్లున్నాయి. రాజుల గుర్రాలకు లెక్కలున్నాయి. సేనాపతులకు ముత్తాతల దాకా వంశావళులున్నాయి. వాకిలి దగ్గర నిలబడే మనిషికి పేరుందా?

ఉంది. చెరసాలలో సంకెళ్ళతో ఉన్న పేతురును దేవదూత విడిపించాడు. పేతురు నేరుగా ఒక ఇంటికి వచ్చి వాకిలి తట్టాడు. లోపల అంతా ఆయన విడుదల కోసమే ప్రార్థన చేస్తున్నారు. తలుపు దగ్గరికి వచ్చిన చిన్న పనిపిల్ల ఆయన గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక, తలుపు తీయడం మరచి లోపలికి పరుగెత్తి చెప్పింది. వాళ్ళు "నీకు పిచ్చి" అన్నారు. ఆయన తడుతూనే ఉన్నాడు. ఆమె మాట నమ్మనివాళ్ళ పేర్లు ఆ సంగతి రాసినవాడు రాయలేదు. పనిపిల్ల పేరు మాత్రం రాశాడు.

ఆ పేరు ఏమిటో ఇక్కడే చెప్పవలసింది. కాని అయ్యగారు జేబులోంచి తీసిన కాగితం ప్రకారం చెప్పకూడదు. కథలకు మినహాయింపు ఉన్నట్టు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

దాని పుట్టుక ఇది. ఆ ఏడాది మండలమంతటి మీదికి నేపథ్యం వచ్చి పడింది. పడమటి దేశంలో పదకొండేళ్ళు చదివివచ్చిన ఆచార్య ఎలీషా రత్నం గారు మూడు రోజుల సదస్సు పెట్టి, లేఖనాన్ని ముక్కలుగా తుంచి చదవరాదనీ, నాటి కాలం, నాటి ఆచారం తెలుసుకోవాలనీ, ఒక చోటి మాటకు మరొక చోటి మాటతో ఉన్న ముడి చూడాలనీ చెప్పారు. మాట మంచిది. అయ్యగారికి నచ్చింది, ఆయమ్మకూ నచ్చింది. అయితే ఆ మంచి మాటను అమలు చేయడానికి ఒక సంఘాన్ని వేశారు. దాని పేరు నేపథ్య సంబంధ పరిశీలక సంఘం, అధ్యక్షులు ఆచార్యులవారే.

ఆనాటినుంచి ఏదీ తిన్నగా జరగలేదు. ఒక పెళ్ళిలో, నీళ్ళు ద్రాక్షారసంగా మారిన వృత్తాంతం చదవబోతే, ఆ ఆరు రాతి బానలు ఒక్కొక్కటి ఎన్ని కుంచాలు పట్టేవో తేలేదాకా వధూవరులను నిలబెట్టారు. తేలేలోగా విందులో పెరుగు పులిసింది. ఒక సమాధి కార్యక్రమంలో "మన్ను" అన్న మాటకు సంబంధించిన స్థలాలన్నీ వరసగా చదువుతూ ఉండగా వాన వచ్చి, గోతిలో మన్ను కాస్తా బురదైంది. బురదకు వేరే సంబంధాలున్నాయి గనుక మళ్ళీ మొదలుపెట్టారు. ఆదివారపు బడి పిల్లలు కంఠత వాక్యాలు మానేసి ఫుట్‌నోట్లు ఒప్పజెప్పడం నేర్చుకున్నారు.

పేర్ల మీదికి రావడానికి కారణం పక్క సంఘంలో ఐదారేళ్ళ కిందట పుట్టిన కవలలు. అక్కడి ఆనవాయితీ ప్రకారం తండ్రి కళ్ళు మూసుకుని, గ్రంథం తెరిచి, వేలు పెట్టాడు. వేలికింద ఇద్దరు అన్నదమ్ముల పేర్లు కనబడితే దైవచిత్తమని సంబరపడి అవే పెట్టాడు. ఊజు, బూజు. ఆ పిల్లలు బడికి వెళ్ళిన మొదటి రోజే, గోడ దులపమని పంతులు చిన్నవాణ్ణి చూసి నవ్వాడట. పరిశీలక సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అయ్యగారి చేతిలోని కాగితం దాని ఫలితం.

"'లేఖనములయందలి ఏ నామమైనను,'" అని అయ్యగారు చదివారు, తప్పు తనదే అయినట్టు గొంతు తగ్గించి, "'దాని చారిత్రక నేపథ్యమును, అంతర్గత సంబంధములును ఈ సంఘముచే నిర్ధారింపబడువరకు, బాప్తిస్మమునందుగాని ఇతరత్రాగాని బహిరంగముగా ఉచ్చరింపబడరాదు.' పన్నెండో నంబరు సర్క్యులరమ్మా."

"ఇప్పటికే పేర్లున్నవాళ్ళో?"

"పాతవి చెల్లుతాయట. తాత్కాలికంగా."

"మరి పిల్లని ఏమని పిలవాలి?"

"ఆసుపత్రి పుస్తకంలో ఏమని రాశారు?"

"బేబీ ఆఫ్ కెజియా."

"అదే," అన్నారు అయ్యగారు, చాప మీది గళ్ళు చూస్తూ.

ఆయమ్మ చేతులు కడుక్కుని వచ్చి కాగితం తీసుకుంది. ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదివింది. "బహిరంగముగా అని ఉంది," అంది. "చెవిలో చెబితేనో?"

"చెవుల సంగతి రాయలేదమ్మా."

"సరే అయితే."

ఆ సాయంత్రం అభ్యర్థన పత్రం నింపింది. ఆ పేరును రాతలో పెట్టింది, రాతకు అడ్డులేదు.

పరిశీలక సంఘపు కార్యదర్శి ఫిలేమోను గారు. ఆయన నుంచి మొదటి జాబు పదకొండు నెలలకు వచ్చింది. "సదరు చిన్నది ఒక తలుపు వద్ద కనబడుచున్నది. సదరు తలుపునకును, లేఖనములయందలి తక్కిన తలుపులకును గల సంబంధము తేలనిదే చిన్నదాని సంగతి తేలదు. కావున తలుపు ఉపసంఘము నియమింపబడినది."

ఉపసంఘం నోవహు ఓడ తలుపుతో మొదలుపెట్టింది. ఆ తలుపు మూసినవాడెవరో రాసి ఉంది, తీసినవాడెవరో రాసి లేదు. ఆ ఒక్క సంగతి మీద ఏడాది గడిచింది. సమ్సోను గాజా ఊరి తలుపులను ఊడబెరికి భుజాన వేసుకుపోయాడు గనుక, భుజం మీద ఉన్నప్పుడు అవి తలుపులా కావా అన్న చర్చకు మరో ఏడాది పట్టింది.

ఈలోగా పిల్లకు పళ్ళొచ్చాయి, నడక వచ్చింది, మాట వచ్చింది. టీకాల కార్డు మీద బేబీ ఆఫ్ కెజియా. వీధి పిల్లలు దాన్ని కుదించి "బేబ్యాఫ్" అన్నారు. పిల్ల దేనికీ పలకలేదు. ఎవరు ఏమని పిలిచినా, పిలుపు పక్కింటికి అన్నట్టు తన ఆటలో తానుండేది. రోజూ పొద్దున తల దువ్వేటప్పుడు మాత్రం అమ్మమ్మ వంగి చెవిలో ఒక మాట అనేది. పిల్ల మెడ ముడుచుకుని నవ్వేది. ఆ పిలుపు వాళ్ళిద్దరి మధ్యా, దువ్వెన మధ్యా ఉండేది.

మూడో ఏట ఆయమ్మను విచారణకు పిలిచారు. ఎలీషా రత్నం గారు బల్ల వెనుక కూర్చుని ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. తలుపుల గురించి నాలుగు వందల పేజీలు రాశారు, తెల్లటి గడ్డం, దయగల కళ్ళు. మాట మాత్రం పూర్వకాలపు అచ్చుపుస్తకం.

"అమ్మా, ద్వారపాలకత్వము నీ వృత్తియని విన్నాము. వచ్చినవానిని వాకిట నిలిపి, తలుపు తీయక లోనికి పరుగిడుట విధి నిర్వహణయందు నిర్లక్ష్యమగునా, కాదా? నిర్లక్ష్యమగునేని అట్టి నామము బాప్తిస్మమునకు తగదు."

"నిర్లక్ష్యమేనయ్యా."

ఫిలేమోను గారి కలం చకచకా కదిలింది. అయ్యగారు మూల కుర్చీలో కళ్ళు మూసుకున్నారు.

"నేనూ ఒకసారి చేశాను," అంది ఆయమ్మ. "తుపానులో మా వీధి జాలరి ఒకడు కొట్టుకుపోయాడన్నారు. పెళ్ళాన్ని తెలివి లేకుండా మా ఆసుపత్రికి తెచ్చారు. నాలుగో రోజు గేటు చప్పుడైంది. ఎవరంటే, 'నేనే' అన్నాడు. గొంతు పోల్చుకున్నాను. గేటు తియ్యలేదు. వార్డులోకి పరిగెత్తాను. చెయ్యి గడియ మీదికి పోవాలంటే మనసు ఒంట్లో ఉండాలి కదయ్యా."

ఫిలేమోను గారి కలం ఆగింది. తరువాత ఆచార్యులవారు నెమ్మదిగా అడిగారు. "అది సంతోషముచేతనే అనుటకు రుజువు?"

"గేటు తియ్యనందుకు నాకు మెమో ఇచ్చారు."

"మెమో దాఖలు పరచుము."

"దాచుకోలేదయ్యా. దాచుకోవలసినవి వేరే ఉన్నాయి."

రుజువు లేనందున, పరుగు నిర్లక్ష్యం వల్లనా సంతోషం వల్లనా అన్నది ప్రయోగపూర్వకంగా తేల్చాలని తీర్మానించారు. ప్రయోగానికి నాటి తలుపు కావాలి. నాటి తలుపుకు నాటి కలప, నాటి గడియ కావాలి. అందుకు మరి రెండేళ్ళు.

ఐదో ఏట మే నెలలో పిల్లను మిషను బడిలో చేర్చవలసి వచ్చింది. బడికి బాప్తిస్మ పత్రం కావాలి. పరిశీలక సంఘం కనికరించి అనుబంధ సర్క్యులరు పంపింది. జూన్ పదో తేదీలోగా తేలని పిల్లలకు ఆమోదిత జాబితాలోని పేరు దానంతటదే వర్తిస్తుంది.

"జాబితాలో ఏమేం పేర్లున్నాయండీ?" అని కెజియా అడిగింది.

"ఒకటే ఉందమ్మా," అన్నారు అయ్యగారు. "నేపథ్యమూ, సందర్భమూ, సాక్షుల పేర్లతో సహా లేఖనంలోనే పూర్తిగా రాసి ఉన్న పేరు అదొక్కటేనట. యెషయా ప్రవక్త కొడుకుది." కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కున్నారు. "మహేరు షాలాల్ హాష్ బజ్."

కెజియా వంగి కాగితంలోకి చూసింది.

"ఆడపిల్లలకు కూడా వర్తించును అని కింద రాశారు," అన్నారు అయ్యగారు.

ఆయమ్మ క్యాలెండరు వైపు చూసింది. "తలుపు ఎప్పుడు వస్తుందయ్యా?"

తలుపు జూన్ తొమ్మిదిన వచ్చింది. నలుగురు మోసుకొచ్చి, గుడి పక్కనున్న సంఘపు హాలులో, అయ్యగారు అంగీ మార్చుకునే చిన్న గదికి బిగించారు. బరువైన చెక్క, హాలు వైపు మనిషి చెయ్యంత అడ్డగడియ. ప్రయోగం నిమిత్తం చిన్న గది వీధి, హాలు ఇల్లు. వీధిలో నిలబడి తట్టవలసినవారు ముగ్గురు, ఎందుకంటే ముగ్గురు లేనిదే కోరం లేదు. అధ్యక్షులు, కార్యదర్శి, సంఘ కాపరి. నాటి కాలంలో లేని వస్తువులు ఉండరాదు గనుక సెల్‌ఫోన్లు, చేతి గడియారాలు ఒక బుట్టలో వేసి హాలులో ఉంచారు. కలానికి మాత్రం మినహాయింపు తీసుకున్నారు.

ఫిలేమోను గారు నియమావళి చదివి, సంతకాలు, ముద్ర వేయించి ఆయమ్మ చేతికిచ్చారు. "'చిన్నది తప్ప ఇతరులెవ్వరును తలుపు తీయరాదు. తీసిన యెడల ప్రయోగము రద్దగును. సమస్తమును మొదటినుండి, అనగా ఓడ తలుపు నుండి, ఆరంభింపవలెను.'"

"ఓడ నుంచా అయ్యా?"

"ఓడ నుండియే."

ముగ్గురూ గదిలోకి వెళ్ళారు. ఆయమ్మ తలుపు మూసి, అడ్డగడియ దించి, కాగితం మడిచి రొంటిన దోపుకుని, గోడ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. పిల్ల హాలు గడప మీద కూర్చుని తాటిముంజ తింటోంది. బయట ఆవరణలో స్త్రీల సమాజం వాళ్ళు పెద్దల భోజనానికి కోడికూర వండుతున్నారు.

చప్పుడు వినబడింది. కొలిచినట్టు మూడు దెబ్బలు, మూడూ సమానం. అధ్యక్షులవారు, అనుకుంది ఆయమ్మ.

"అమ్మాయీ, తలుపు తీయుము."

పిల్ల ముంజలోకి వేలు గుచ్చింది.

"పాపా!" ఇది ఫిలేమోను గారు. "ఇటు రమ్ము."

పాప రాలేదు.

"ఓ చిన్నదానా," అన్నారు అధ్యక్షులవారు. ఆ తరువాత, చాలాసేపు ఆలోచించి, "బేబీ ఆఫ్ కెజియా."

పిల్ల తల తిప్పి బయటి వీధి వైపు చూసింది, అలాంటి పేరుగల మనిషి ఎవరైనా వస్తున్నారేమోనని.

గదికి కిటికీ లేదు. పైన జానెడు కన్నం ఉంది, అందులో పావురాల గూడు ఉంది. కోడికూర వాసన తలుపు కిందినుంచి లోపలికి వెళుతోంది. దెబ్బల మధ్య కొలత తప్పడం ఆయమ్మ గమనించింది. ఇప్పుడు ఫిలేమోను గారు అరచేత్తో బాదుతున్నారు.

"ఆయమ్మా, మీరే తీసెయ్యండి. గాలి ఆడడం లేదు." ఆయన నోట వాడుక భాష వినడం ఆమెకు అదే మొదలు.

"తియ్యొచ్చయ్యా. ఓడ నుంచి మొదలెడతారా మళ్ళీ?"

లోపల బాదడం ఆగింది. తరువాత అధ్యక్షులవారి గొంతు. "చిన్నది ఏల రాదు?"

"పిలిస్తే వస్తుందయ్యా."

"పిలుచుచునే యున్నాము గదా."

"ఏమని?"

లోపల సమావేశం మొదలైంది. మాటలు ముక్కలుగా వినబడ్డాయి: "సర్క్యులరు మనదే కదండీ", "ఉచ్చరించిన యెడల నిర్ధారించినట్లే యగును", "నీళ్ళు". ఆయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. రేపు పదో తేదీ. నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్ప ఎప్పుడూ గేటు తీయడానికి ఆమె చెయ్యి ఆగలేదు. ఇవాళ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చుంది.

అప్పుడు వినబడింది. రెండు దెబ్బలు, కొంచెం విరామం.

ఆయమ్మ సగం దెబ్బ కోసం చూసింది. అది రాలేదు. మూడో దెబ్బ నిండుగా, తలుపు అదిరేటట్టు పడింది. ఆ వెంటనే ఆశీర్వాదం పాదిరిగారు ఆ పేరు అన్నారు. పూర్తిగా బహిరంగం అని చెప్పడానికి లేదు. దువ్వెన దగ్గరి గుసగుస కంటే పెద్దది, ప్రసంగం కంటే చిన్నది.

పిల్ల చేతిలోంచి ముంజ జారిపోయింది. లేచి నిలబడింది. ముందు అమ్మమ్మ పెదవుల వైపు చూసింది, అవి కదలలేదు. తలుపు వైపు చూసింది. దాని ముఖం నిండా వెలుగు వచ్చింది. గిర్రున తిరిగి, తలుపు దగ్గరికి కాదు, బయట ఆవరణలోకి పరుగెత్తింది.

"పాదిరి తాతయ్య నన్ను పిలిచాడు! తలుపు లోపల్నించి! నా పేరుతో!"

"పిచ్చిదానా," అంది కూర కలుపుతున్న ఒకామె, గరిటె ఆపకుండానే. "నీకు పేరెక్కడిదే?"

"పిలిచాడు!"

"వాళ్ళు గంభీరంగా ప్రయోగం చేసుకుంటున్నారు, గోల చెయ్యకు. పావురం కూసి ఉంటుంది."

లోపలినుంచి అధ్యక్షులవారు అడిగారు. "ఆ అడుగుల చప్పుడు ఏమి?"

"పిల్ల పరిగెత్తిందయ్యా," అంది ఆయమ్మ.

"తలుపు తీయుటకా?"

"కాదు. చెప్పడానికి."

తరువాత కాగితం మీద కలం గీసిన చప్పుడు; ఆ తరువాత, రాస్తూ రాస్తూ, ఫిలేమోను గారి గొంతు. "'పరుగు... సంతోషముచేత.' చుక్క పెట్టనా అండీ?"

"పెట్టుము," అన్నారు ఎలీషా రత్నం గారు. "వాళ్ళు నమ్మిరా?"

"పావురం అన్నారయ్యా."

"ఆ," అన్నారాయన. "వాళ్ళునూ నమ్మలేదు."

పిల్ల తిరిగి వచ్చింది. కళ్ళలో నీళ్ళు, చేతులకు ముంజ జిగురు. హాలు నడుమ నిలబడి, తలుపు వైపే చూస్తూ, ఇంకొక్కసారి పిలుస్తారేమోనని ఊపిరి బిగబట్టింది. ఆయమ్మ కదలలేదు. గడియ పిల్ల ఎత్తుకు సరిగ్గా ఉంది. ఆ కొలతలో ఉపసంఘం పొరపాటు చేయలేదు.

తలుపు అవతల ఎవరో దగ్గారు. పెద్ద డాక్టరుగారి దగ్గులాంటిదే, కాని హుకుం లేదు. నాలుగు వందల పేజీల్లో ఆ పేరును ఎన్నోసార్లు రాసి, నోటితో ఒక్కసారీ అనని మనిషి దగ్గు అది.

"తలుపు తియ్యి తల్లీ," అన్నారు అధ్యక్షులవారు, వీధి మలుపు దాకా వినబడేటట్టు. "రోదే."